పుట్టబోయే బిడ్డను చూడడానికి సెలవుల్లో ప్రయాణం: ఎప్పుడు వెళ్తే మేలు?

తూరుపుగాలి:
సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి, కోడలు దూరదేశంలో ఉంటున్నారు. వాళ్లకు నాలుగేళ్ల పాప ఉంది. రెండో బిడ్డ సెలవులు మొదలయ్యే ముందు పుట్టవచ్చునని వైద్యులు చెప్పారు. ఆ సెలవుల్లోనే వెళ్లి అందరితో గడపాలని నాకూ మావారికీ ఎంతో ఆశగా ఉంది. అబ్బాయి వెంటనే రమ్మంటున్నాడు. కోడలు మాత్రం "మీ ఇష్టం అత్తయ్యా" అని ఊరుకుంటోంది. కాన్పు సమయానికి మా వియ్యపురాలు అక్కడ ఉంటారు. మేమూ అప్పుడే వెళ్తే ఇల్లు ఇరుకవుతుందేమో, ఆలస్యం చేస్తే బిడ్డ మీద శ్రద్ధ లేదనుకుంటారేమో అని నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. మావారికి రక్తపోటు ఉంది, విమాన ప్రయాణమూ సుదీర్ఘమైనదే. ఎప్పుడు వెళ్లాలో, వెళ్లాక వాళ్లకు భారం కాకుండా ఎలా ఉపయోగపడాలో అనుభవమున్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

చెట్టునీడ:
తూరుపుగాలి గారూ, నేను నవజాత శిశువుల వార్డులో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. టికెట్ల కంటే ముందు టీకాల సంగతి చూసుకోండి. పసిబిడ్డకు కోరింత దగ్గు సోకడం చాలా ప్రమాదకరం. పెద్దవాళ్లలో అది మామూలు మొండి దగ్గులా వచ్చి పోతుంది కానీ, నెలల పిల్లల్లో దగ్గు కూడా లేకుండానే ఊపిరి ఆగి ఆగి ఆడవచ్చు. బిడ్డకు ఆ టీకా మొదటి మోతాదు చాలా దేశాల్లో ఆరు వారాలకో, రెండు నెలలకో గానీ వేయరు. గర్భిణిగా ఉండగా తల్లి వేయించుకునే టీకా వల్ల బిడ్డకు అప్పటిదాకా కొంత రక్షణ దొరుకుతుంది, మిగతా రక్షణ చుట్టూ ఉండే పెద్దలు ఇవ్వాలి. కాబట్టి మీరిద్దరూ మీ వైద్యుణ్ణి సంప్రదించి కోరింత దగ్గు, ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) మూడింటికీ కలిపి ఇచ్చే బూస్టర్‌ను బిడ్డను చూడడానికి కనీసం రెండు వారాల ముందే వేయించుకోండి. ఫ్లూ టీకా పనిచేయడానికి కూడా దాదాపు రెండు వారాలు పడుతుంది.

అక్కడికి చేరాక బిడ్డను ఎత్తుకునే ప్రతిసారీ సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. బిడ్డ ముఖం మీద, చేతుల మీద ముద్దు పెట్టకండి. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ పొక్కు కనబడని రోజుల్లో కూడా లాలాజలంలో ఉండవచ్చు, నవజాత శిశువుకు అది ప్రాణాంతకం కావచ్చు. ప్రయాణంలో జలుబు పట్టుకుంటే తగ్గేదాకా బిడ్డకు దూరంగా ఉండండి, ఎంత దూరం నుంచి వచ్చినా సరే. ఇంకొక్క మాట గుర్తుంచుకోండి. మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి చూద్దామని ఆగకూడదు, రాత్రయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రాత్రిబండి:
అమ్మా, ఈమధ్యే తండ్రినైనవాడిని కనుక మీ అబ్బాయి వైపు నుంచి రాస్తున్నాను. "వెంటనే రండి" అని అతను మనస్ఫూర్తిగానే అంటూ ఉంటాడు. అయితే ఆ మాటలో సంతోషంతో పాటు భయం కూడా ఉండవచ్చు, ఎందుకంటే పెద్దపాపను చూసుకుంటూ, ఉద్యోగం చేస్తూ, బాలింతకు తోడుగా ఉండడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందువల్ల ఎప్పుడు రావాలని అడగడంతో ఆపకుండా, ఏ సమయంలో ఇంట్లో ఇంకో మనిషి లేకపోతే కష్టమవుతుందో వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి అడగండి. మా ఇంట్లో ఈ ప్రశ్న అడిగాకే అసలు సమాధానం బయటికి వచ్చింది.

రాత్రుల సంగతి కూడా చెబుతాను. నవజాత శిశువుకు 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు పట్టవలసి ఉంటుంది. మొత్తం మీద బిడ్డ 14 నుంచి 17 గంటలు నిద్రపోయినా, ఆ నిద్ర ముక్కలు ముక్కలుగానే ఉంటుంది, తల్లిదండ్రుల నిద్రా అలాగే ముక్కలవుతుంది. మా అమ్మ తెల్లవారుజామున పాలు తాగిన బిడ్డను తీసుకుని, త్రేన్పు తెప్పించి, గుడ్డ మార్చి, మళ్లీ ఆకలేసేదాకా తన దగ్గరే ఉంచుకునేది. మా ఇద్దరికీ ఏకధాటిగా కంటినిండా నిద్ర పట్టింది ఆ వేళల్లోనే. ఆమె ఇంకేమీ చేయకపోయినా ఆ మేలు మరచిపోలేను.

మంచుపువ్వు:
తూరుపుగాలి గారూ, మీ కోడలు "మీ ఇష్టం" అని ఊరుకోవడాన్ని అయిష్టంగా తీసుకోవద్దని నా మనవి. కాన్పు ఎలా జరుగుతుందో, ఆ తర్వాత తన ఒళ్లు ఎలా ఉంటుందో ఆమెకే తెలియదు. రక్తస్రావం ఆరు వారాల దాకా కూడా ఉండవచ్చు, కోత పడితే లేచి కూర్చోవడమే కష్టం. అలాంటి స్థితిలో అత్తమామల ఎదుట ఎలా కనబడాలో, పాలు ఎక్కడ కూర్చుని ఇవ్వాలో అన్న సంకోచం ఉంటుంది. ఈ సంగతి భర్తతో కూడా తేలికగా చెప్పుకోలేము. మీరు ముందుగానే ఆమెతో విడిగా మాట్లాడి, "నీ గది తలుపు తట్టకుండా లోపలికి రాను, నీకు విశ్రాంతి కావాలన్నప్పుడు బిడ్డను అడగను" అని చెప్పగలిగితే ఆమె గుండె ఎంత తేలికపడుతుందో నేను చెప్పగలను.

పాల విషయంలో వ్యాఖ్యలు దయచేసి వద్దు. పుట్టిన మొదటి కొద్ది రోజుల్లో బిడ్డ బరువు పదిశాతం దాకా తగ్గడం మామూలే, సాధారణంగా రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి వస్తుంది. ఆ వారాల్లో "పాలు సరిపోవడం లేదేమో", "బిడ్డ చిక్కిపోయాడు" అనే మాట ప్రేమతోనే అన్నా తల్లికి గుచ్చుకుంటుంది. అనుమానం నిజంగా ఉంటే బరువు తూయించమని, వైద్యుణ్ణి అడగమని మెల్లగా చెప్పవచ్చు.

మరొక్క విషయం. కాన్పయిన రెండు మూడు రోజులకు ఊరికే ఏడుపు రావడం, చిరాకు కలగడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. అది పోకుండా రోజురోజుకూ ముదిరినా, బిడ్డ మీద ధ్యాసే లేనట్లు కనబడినా, నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోయినా దాన్ని బలహీనత అనుకోకూడదు. ప్రపంచవ్యాప్తంగా కాన్పయిన స్త్రీలలో దాదాపు 13 శాతం మంది మానసిక అనారోగ్యానికి, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నలను వైద్యులు ఇప్పటికీ దీనికోసం వాడుతున్నారు. ఇంట్లో ఉండి రోజూ చూసే పెద్దవాళ్లు దీన్ని ముందుగా గమనించగలరు. నన్ను గమనించింది మా అత్తగారే. ఆవిడ ఎవరినీ తప్పుపట్టకుండా నాతో పాటు ఆసుపత్రికి వచ్చి బయట కూర్చున్నారు.

పాతకాగడా:
అందరి సలహాలూ శ్రద్ధగా చదివాను. నా మనసులో ఉన్నది చెప్పడానికి అనుమతించండి. మేము పిల్లల్ని పెంచినప్పుడు ఇన్ని నియమాలు లేవు. బోర్లా పడుకోబెట్టాం, మెత్తని దిండ్లు వేశాం, ఎండగా ఉంటే చెంచాడు నీళ్లు పట్టాం, పిల్లలు చక్కగానే పెరిగారు. ఇప్పుడు మనవణ్ణి ఎత్తుకోవాలంటే చేతులు కడుక్కున్నారా అని అడుగుతారు, ముద్దు పెట్టుకోబోతే వద్దంటారు. ఆ మాట మా పిల్లల నోటి నుంచే విన్నప్పుడు తాతగా నాకు బాధ కలిగింది. ఇంత దూరం ప్రయాణం చేసి వెళ్లే తల్లిదండ్రుల మనసును కూడా కొంచెం గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం.

చెట్టునీడ:
పాతకాగడా గారూ, మీ బాధ అర్థమవుతోంది. ఆ మాట చెప్పే తీరులో పిల్లలు మెత్తదనం చూపాలి. కానీ నియమాలు ఎందుకు మారాయో తెలిస్తే మీ మనసు కొంత కుదుటపడుతుందని రాస్తున్నాను. ఒకప్పుడు చాలా దేశాల్లో వైద్యులే బోర్లా పడుకోబెట్టమని చెప్పేవారు, బిడ్డ పాలు కక్కుకుంటే గొంతుకు అడ్డం పడదని వాళ్ల ఉద్దేశం. మీరు చేసింది ఆనాటి వైద్యం చెప్పిందే. 1980ల చివర్లో జరిగిన పరిశోధనల్లో, నిద్రలోనే కారణం తెలియకుండా చనిపోతున్న పసిపిల్లల్లో బోర్లా పడుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్నారని తేలింది. బ్రిటన్‌లో 1991లోనూ, అమెరికాలో 1994లోనూ వెల్లకిలా పడుకోబెట్టాలన్న ప్రచారం మొదలైంది. ఆ తరువాతి ఏళ్లలో అక్కడ అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. వెల్లకిలా పడుకున్నంత మాత్రాన ఆరోగ్యవంతులైన బిడ్డలకు ఊపిరాడకపోవడం పెరగలేదు.

అందువల్ల గట్టి పరుపు, ఆ పరుపు మీద బిగుతుగా పరిచిన పలుచని పక్కగుడ్డ తప్ప బిడ్డ పడుకునే చోట దిండు, బొమ్మలు, మందపు దుప్పట్లు ఏవీ ఉండకూడదు. పగటి చిన్న కునుక్కైనా వెల్లకిలానే పడుకోబెట్టాలి. ఆరు నెలలు నిండేదాకా నీళ్లు అవసరం లేదు, తల్లిపాలలోనే కావలసినంత నీరు ఉంటుంది. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలుకకు తగిలించను కూడా వద్దు, అందులో ఉండగల బాక్టీరియా బీజాలు పసివాళ్ల పేగుల్లో పెరిగి బోట్యులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు తెస్తాయి. ఈ కొద్ది విషయాల్లో తప్ప మిగతా చాలావాటిలో మీ అనుభవం వాళ్లకు నిజంగా అవసరమే. ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని తొందరపడకుండా నడవడం పుస్తకం చదివితే రాదు.

అలలదారి:
ప్రయాణం గురించి నాకు తెలిసింది రాస్తాను. ప్రసవ తేదీని నమ్మి టికెట్లు కొనకండి, ఆ రోజునే పుట్టే పిల్లలు నూటికి ఐదుగురు కూడా ఉండరు. 37 వారాలు నిండిన దగ్గర నుంచి 42 వారాల లోపు ఎప్పుడైనా పుట్టవచ్చు కనుక, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు కొద్దిగా ఖరీదైనా అదే మంచిది. పాస్‌పోర్టు గడువు ప్రయాణం తర్వాత ఇంకా ఆరు నెలలైనా మిగిలి ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి, ఇప్పుడే చూసుకోండి.

రక్తపోటు ఉన్న మీవారి మందులు చేతి సంచిలోనే ఉండాలి. మందులను కొన్న అట్టలతోనే, వైద్యుడు రాసిన చీటీతో సహా, తిరుగు ప్రయాణం ఆలస్యమైనా సరిపోయేటన్ని తీసుకెళ్లండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు రక్తపోటు సంగతి దాచకుండా రాయించండి, దాచితే అవసరమైనప్పుడు బీమా చెల్లకుండా పోవచ్చు. నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన అధ్యయనంలో తేలింది. మొత్తం మీద అది అరుదైనదే అయినా, పెద్ద వయసువాళ్లు నడవ పక్క సీటు తీసుకుని మధ్యమధ్య లేచి నడవడం, కూర్చున్నప్పుడు మడమలు ఆడించడం అవసరం. కాళ్లకు బిగుతు మేజోళ్లు వాడాలో లేదో వైద్యుణ్ణి అడగండి.

చేరిన మొదటి రోజుల్లో మీ నిద్ర తలకిందులవుతుంది. ఆ స్థితిలో సోఫాలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే తెలియకుండానే కన్ను మూతపడుతుంది. సోఫాలో, చేతుల కుర్చీలో పెద్దవాళ్లతో కలిసి నిద్రపోవడం పసిబిడ్డకు చాలా అపాయకరం. కళ్లు బరువెక్కుతున్నాయంటే బిడ్డను వెంటనే తన పక్కలో వెల్లకిలా పడుకోబెట్టండి. అలాగని నిద్ర మారడం పూర్తిగా చెడ్డదీ కాదు, అక్కడి తెల్లవారుజామున మీకు ఎలాగూ మెలకువ వస్తే రాత్రిబండి గారి అమ్మగారిలాగా ఆ వేళ మీరు అందుకోవచ్చు.

గోరింక:
పెద్దపాప గురించి ఎవరూ రాయలేదు. ఇల్లు చేరగానే ముందు ఆ పాప దగ్గరికే వెళ్లండి, బిడ్డ తర్వాత. నాలుగేళ్ల పిల్లకు తమ్ముడో చెల్లెలో వచ్చాక పక్క తడపడం, వేలు చీకడం, చంటిపిల్లలా మాట్లాడడం మళ్లీ మొదలుకావచ్చు. గద్దించకుండా ఉంటే కొన్నాళ్లకు తగ్గిపోతుంది. "నువ్విప్పుడు పెద్దదానివి, అల్లరి చేయకూడదు" అనే మాట రోజూ వినే పిల్ల మీద ఇంకొకరు అదే మాట అనడం భావ్యం కాదు. తల్లి ఒడి దొరకని ఆ రోజుల్లో నానమ్మ తాతయ్యల సమయం మొత్తం తనదే అని పాపకు తెలిస్తే, మీ ప్రయాణంలో సగం ఫలం అక్కడే దక్కుతుంది.

తూరుపుగాలి:
మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మంచుపువ్వు గారు చెప్పినట్లు నిన్న కోడలితో ఒక్కదానితోనే మాట్లాడాను. మొదట మొహమాటపడింది, తర్వాత తన మనసు చెప్పింది. తన తల్లి ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదట, ఆవిడ తిరిగి వెళ్లాక, అబ్బాయి సెలవు అయిపోయి ఉద్యోగానికి వెళ్లడం మొదలుపెట్టాక ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఎలా గడుస్తుందోనని భయంగా ఉందట. అయితే అప్పటికి సెలవులు దాటిపోతాయి. సెలవుల్లో అందరం కలిసి ఉండాలన్నది మా కోరిక, ఆమెకు అవసరమైన సమయం వేరు. ఆలస్యంగా వెళ్తే బిడ్డ మొదటి రోజులు చూడలేకపోయామన్న వెలితి మాకు మిగిలిపోతుందా అన్నదే ఇప్పుడు నా సందేహం.

ఊటబావి:
తూరుపుగాలి గారూ, మీ కోడలు అంత స్పష్టంగా చెప్పిన తర్వాత నా సలహా ఒక్కటే: సెలవులను పక్కన పెట్టి వియ్యపురాలు బయలుదేరే వారానికి వెళ్లండి. ఇద్దరు అమ్మమ్మ నానమ్మలు ఒకే చిన్న ఇంట్లో ఒకే బిడ్డ కోసం ఉన్నప్పుడు, ఇద్దరూ ఎంత మంచివారైనా, బాలింత ఇద్దరి మనసులనూ కాచుకోవలసి వస్తుంది. మీరు ఒకరి తర్వాత ఒకరు వెళ్తే ఆమెకు దొరికే సాయం రెట్టింపు కాలం నిలుస్తుంది. ఒకటి రెండు రోజులు ఇద్దరూ కలిసి ఉండేలా చూసుకుంటే ఇంటి పద్ధతులన్నీ వదినగారే మీకు అప్పగించి వెళ్తారు.

వెలితి గురించి దిగులు పెట్టుకోకండి. మొదటి రోజుల్లో బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది మాత్రమే కాస్త స్పష్టంగా కనబడుతుంది, మేలుకుని ఉండే సమయమూ తక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఎదుటి ముఖాన్ని చూసి నవ్వడం మొదలవుతుంది. మీరు వెళ్లే సమయం సరిగ్గా అదే కావచ్చు. అయితే ఏడుపు కూడా రెండో నెలలోనే అత్యధికంగా ఉంటుంది, ముఖ్యంగా సాయంత్రాల్లో, కడుపు నిండినా, గుడ్డ పొడిగా ఉన్నా, ఎత్తుకున్నా ఆగని ఏడుపు గంటల తరబడి సాగుతుంది. మూడు నాలుగు నెలలకు అది తగ్గుతుంది. తల్లిదండ్రులు అలసటతో సహనం కోల్పోయే ప్రమాదం ఉన్నది ఆ సాయంత్రాల్లోనే. ఎంత విసుగొచ్చినా బిడ్డను కుదపకూడదు, మెదడు దెబ్బతింటుంది. ఇంట్లో మరొకరు ఉంటే "ఇలా ఇవ్వమ్మా, నువ్వు కాసేపు బయట నడిచి రా" అనగలుగుతారు. పైగా బిడ్డకు మొదటి టీకాలు పడే సమయం కూడా అప్పటికి వచ్చేస్తుంది. నన్నడిగితే తాతలూ నానమ్మలూ అత్యంత ఉపయోగపడే కాలం మొదటి వారం కాదు, ఈ రెండో నెల.

పాతకాగడా:
చెట్టునీడ గారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. తేనె సంగతి నాకు నిజంగా తెలియదు, మా ఇంట్లో అందరికీ చెప్పాను. బోర్లా పడుకోబెట్టమన్నది ఆనాటి వైద్యులే అని మీరు రాసిన వాక్యం నాకు ఊరటనిచ్చింది. నాది మరో ప్రశ్న. నానమ్మకు చేతినిండా పని ఉంటుంది, తాతయ్య ఏం చేయాలి? చాలామంది మగవాళ్లం ఒక మూల కూర్చుని పత్రిక చదువుతూ ఉండిపోతాం, మాకు ఎవరూ బిడ్డను ఇవ్వరు.

చెట్టునీడ:
అడిగి తీసుకోండి! మెడ కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి పెట్టి దగ్గరగా పట్టుకుంటే చాలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను ఛాతీకి ఆనించి ఉంచే పద్ధతి కొలంబియా రాజధాని బొగోటాలో 1970ల చివర్లో మొదలైంది. ఇవాళ తల్లికి వీలు కానప్పుడు తండ్రి గానీ, కుటుంబంలో మరొకరు గానీ అలా ఉంచుకోవచ్చునని వైద్యులే చెబుతున్నారు. వెచ్చదనానికి ఆడా మగా తేడా లేదు. పొగతాగే అలవాటు ఉన్నవారు మాత్రం ఆ బట్టలతో బిడ్డను ఎత్తుకోకూడదు. ఇక పెద్దపాపను బడికి తీసుకెళ్లి తీసుకురావడం, ఉతికిన గుడ్డలు మడతపెట్టడం, టీకాల రోజు తోడుగా వెళ్లడం తాతయ్యలు నిశ్చింతగా చేయగల పనులు. ఎవరూ చెప్పకముందే ఒక పనిని పూర్తిగా తమదిగా తీసుకుంటే ఇంట్లోవాళ్లకు దాని ఆలోచన కూడా తప్పుతుంది.

తూరుపుగాలి:
ఊటబావి గారి మాట మా ఇద్దరికీ నచ్చింది. సెలవుల తర్వాతే వెళ్లాలని నిశ్చయించుకున్నాం. అబ్బాయి మొదట కొంచెం నిరాశపడ్డాడు గానీ, కోడలు ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు "నిజంగానా అత్తయ్యా" అని అడిగింది. వదినగారితో కూడా మాట్లాడాను, తాను బయలుదేరే ముందు రెండు రోజులు మేమంతా కలిసి ఉండేలా చూసుకుంటున్నాం. పాపను బడికి తీసుకెళ్లే పని తనదేనని మావారు ఇప్పటికే ప్రకటించారు. ఇంకొక్క సందేహం మిగిలింది. వెళ్లేదాకా బిడ్డను వీడియోలో రోజూ చూడాలని ఉంది, పసిపిల్లల ముందు ఫోన్ పెట్టకూడదంటారు కదా, పరవాలేదా?

చెట్టునీడ:
పరవాలేదు. ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దని చెప్పే అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా కుటుంబంతో మాట్లాడే వీడియో కాల్‌ను దాని నుంచి మినహాయించింది. కాకపోతే మీరు ఫోన్ చేయకుండా, వాళ్లకు వీలైనప్పుడు వాళ్లనే చేయమనండి, రెండు నిమిషాలైనా చాలుననండి. అప్పుడప్పుడు ఆ కాల్‌ను పెద్దపాప కోసమే కేటాయించండి. టీకాలు ఈ వారమే వేయించుకోండి.

అలలదారి:
తూరుపుగాలి గారూ, తేదీ తేలింది కనుక ఇక వీసాకు దరఖాస్తు చేయండి. సెలవుల ముందు దరఖాస్తులు ఎక్కువగా వస్తాయి, ఆలస్యం చేయకండి. వదినగారి తిరుగు ప్రయాణం తేదీ ఒకవేళ మారితే మీదీ మార్చుకునేలా ఇద్దరి టికెట్ల వివరాలనూ మీ అబ్బాయి దగ్గర ఉంచండి.